స్టాండర్డ్ తక్కువ వస్తే శాంపిల్‌కి కలపొచ్చా?

రాయి, రసాయనం: పాఠకుల ప్రశ్నలకు ఒక రిటైర్డ్ కెమిస్ట్ జవాబులు

ప్రశ్న: మాస్టారూ, బీఎస్సీ అయ్యాక చీపురుపల్లి దగ్గర ఒక ల్యాబ్‌లో చేరి ఏడాదైంది. మాంగనీస్ ఖనిజం పరీక్షిస్తాం. 20 శాంపిళ్లకి ఒక స్టాండర్డ్ పొడి (మాంగనీస్ ఎంతుందో ముందే తేల్చి ఉంచిన పొడి) పెడతాం. దాని సర్టిఫికెట్ విలువ 45.30 శాతం, స్టాండర్డ్ డీవియేషన్ (అంకె మామూలుగా అటూఇటూ ఊగే కొలత) 0.20. పోయిన వారం వరసగా రెండు బ్యాచ్‌లలో 44.85, 44.87 వచ్చింది. మా ఇన్‌చార్జి గారు "దగ్గరగానే ఉంది కదా, అన్నిటికీ 0.45 కలిపి రిపోర్టు ఇచ్చేయ్" అన్నారు. ఇచ్చేశాను. అప్పట్నించీ ఒకటే టెన్షన్. తప్పు చేశానా?

జవాబు: చేశావు తల్లీ. కాకపోతే ఆ తప్పు నేనూ చేసినవాణ్ణే, అందుకని కోప్పడను.

ముందు లెక్క చూడు. 45.30లోంచి రెండు డీవియేషన్లు తీసేస్తే 44.90, మూడు తీసేస్తే 44.70. నీకొచ్చిన రెండూ ఈ మధ్యలో పడ్డాయి. ఒక్కసారి పడితే కన్నేసి ఉంచాలంతే, ఇరవైసార్లకి ఒకసారి రెండు దాటడం మామూలే. వరసగా రెండుసార్లు, అదీ ఒకే వైపు పడితే మాత్రం ఎక్కడో ఏదో జరిగినట్టే. పని ఆపి, కారణం పట్టుకుని, శాంపిళ్లతో సహా మళ్లీ చేయాలి. మూడు దాటితే ఒక్కసారికే ఆపాలి.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తీరం దాటింది. మా వైపు రోజుల తరబడి కరెంటు లేదు. కరెంటు రాగానే లారీలు కదలాలని అందరికీ తొందర. మా స్టాండర్డ్ వరసగా తక్కువ చూపిస్తోంది. నేను కూడా నీలాగే తేడా ఎంతో అంత కలిపి రిపోర్టులు ఇచ్చాను. నాలుగో రోజు డెసికేటర్ (చెమ్మ తగలకుండా పొడులు దాచే గాజు పాత్ర) మూత తీయబోతే గ్రీజు ఎండిపోయి మూత వదులుగా ఊగుతోంది. లోపల నీలంగా ఉండాల్సిన సిలికా జెల్ గులాబీ రంగుకి తిరిగింది. స్టాండర్డ్ సీసా అన్ని రోజులూ అందులోనే ఉండి చెమ్మ పట్టింది. దాన్ని ఓవెన్‌లో ఆరబెట్టకుండానే తూచేశాం. శాంపిళ్లు మాత్రం ఓవెన్‌లోంచి తీసి, చల్లారగానే తూచినవి. అంటే సరిగ్గా ఉన్న అంకెల్ని నా చేత్తో నేనే చెడగొట్టి పంపాను. కొన్నవాళ్ల ల్యాబ్ ఆ తేడా పట్టుకుంది. ఆ రోజు పడ్డ మాటలు ఇక్కడ రాయను.

45.30 విలువున్న పొడిలో నూటికి ఒక వంతు తడి చేరితే 44.85 చూపిస్తుంది. అచ్చం నీ అంకె. అదే కారణమని ఒట్టేయలేను గానీ, ముందు ఆ సీసా మూత చూడు. సర్టిఫికెట్‌లో ఎంత వేడిలో ఎన్ని గంటలు ఆరబెట్టమన్నారో అలాగే చేసి మళ్లీ తూచు.

ఒకవేళ తప్పు ద్రావణంలోనో తూకంలోనో ఉన్నా 0.45 కలపడం కుదరదు. 45కి 0.45 తగ్గితే 28 శాతం ఖనిజానికి తగ్గేది 0.28. నువ్వు రెండింటికీ ఒకేలా కలిపావు.

తేడా ఏ వైపు వచ్చిందో కూడా చూసుకో. టైట్రేషన్ పద్ధతిలో, అంటే బ్యూరెట్ అనే గాజు గొట్టంలోంచి పర్మాంగనేట్ ద్రావణాన్ని రంగు నిలిచేదాకా దింపి, ఎంత పట్టిందో కొలిచే పద్ధతిలో, స్టాండర్డ్ ఎక్కువ చూపిస్తే నేను ముందు పర్మాంగనేట్ సీసా దగ్గరికి వెళ్తాను. వెలుతురులో ఉండి బలం తగ్గితే బ్యూరెట్‌లోంచి ఎక్కువ దిగుతుంది, మాంగనీస్ ఎక్కువున్నట్టు కనిపిస్తుంది. సోడియం ఆక్సలేట్‌తో దాని బలం మళ్లీ తేల్చుకోవాలి. తక్కువ చూపిస్తే తడి, లేదా పొడి పూర్తిగా కరగకపోవడం.

కరగడం అంటే గుర్తొచ్చింది, నువ్వడగకపోయినా చెబుతాను. మన గర్భాం, కోడూరు వైపు రాయి వేరు. కోడూరు పేరు మీదే ఒక రాయికి కోడురైట్ అని పేరు పెట్టాడు జియలాజికల్ సర్వేలో పనిచేసిన ఫెర్మర్. అందులో మాంగనీస్ ఉన్న గార్నెట్ ఉంటుంది, ఫాస్ఫరస్ ఉన్న అపటైట్ ఉంటుంది. ఆ గార్నెట్ హైడ్రోక్లోరిక్ ఆమ్లానికి సరిగా లొంగదు. నువ్వు కొన్న స్టాండర్డ్ ఇట్టే కరిగే ఆక్సైడ్ ఖనిజమైతే దాని అంకె చక్కగా వస్తుంది, పక్క బీకరులో మన రాయి మాత్రం మాంగనీస్‌ని అడుగునే దాచుకుంటుంది. అడుగున మిగిలిన దాన్ని పారబోయకు. వడకట్టి, కాల్చి, ఫ్యూజన్ చేసి (ఫ్లక్స్ పొడితో కలిపి బాగా వేడిమీద కరిగించి) ఆ ద్రావణాన్నీ కలుపు. వీలైతే మీ గని రాయితోనే ఇంటి స్టాండర్డ్ ఒకటి చేసుకోండి. ఆరబెట్టి, 200 మెష్ జల్లెడ దిగేలా నూరి, బాగా కలిపి సీసాల్లో పోయండి. వాటిలో కొన్ని తీసి పరీక్షిస్తే పొడి అంతా ఒకేలా ఉందో లేదో తెలుస్తుంది. ఆ తర్వాత నాలుగైదు మంచి ల్యాబ్‌లకి పంపి విలువ తేల్చుకోండి.

ఇచ్చిన రిపోర్టుల సంగతా? పొడి ఇంకా ఉంటుంది, మళ్లీ చేసి సవరించిన రిపోర్టు పంపండి. ఇన్‌చార్జి గారికి ఈ పేజీ చూపించు, నామీద పెట్టెయ్.

ప్రశ్న: ఒకే లారీ సరుక్కి రెండు ల్యాబ్‌లు రెండు అంకెలు ఇచ్చాయి. ఎవర్ని నమ్మాలి? (రాజాం నుంచి ఒక వ్యాపారి)

జవాబు: ఒకే పొడిని రెండుగా పంచి పంపారా, లారీ మీద రెండు చోట్ల పార వేసి పంపారా? రెండోదైతే ల్యాబ్‌ల జోలికి వెళ్లకండి. దారి పొడవునా కుదుపులకి పొడి అడుక్కి దిగి, గడ్డలు పైన మిగులుతాయి. ఒకే పొడి అయితే, ఆ బ్యాచ్‌లో మీ స్టాండర్డ్ ఎంత వచ్చిందని ఇద్దర్నీ అడగండి. అప్పటికీ తేలకపోతే మిగిలిన పొడిని ఇద్దరూ ఒప్పుకున్న అంపైర్ ల్యాబ్‌కి పంపండి.

ప్రశ్న: స్టాండర్డ్ విలువ ముందే తెలిస్తే నష్టం ఏంటి సార్?

జవాబు: బ్యూరెట్ దగ్గర చెయ్యి ఆ అంకె కోసం చూస్తుంది బాబూ. రంగు నిలిచిందా లేదా అని సందేహం వచ్చినప్పుడు ఇంకో చుక్క వేయాలా వద్దా అన్నది ఆ అంకే చెప్పేస్తుంది. అందుకే స్టాండర్డ్‌ని కూడా మామూలు కవర్లో పోయించి, మా అటెండరు చేత నంబర్లు వేయించేవాణ్ణి. ఏ నంబరు ఏదన్న పుస్తకం అతని బీరువాలో ఉండేది. రిపోర్టు రాసేదాకా నాకు కూడా చూపించొద్దన్నాను. రెండుసార్లు అడిగాను, చూపించలేదు.