డిగ్రీ మానేసి బాక్సింగ్ గ్లౌజులు కుడతానంటున్నాడు

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గరి పల్లె. ముప్పై ఏళ్లుగా చెప్పులు కుడుతున్నాను, నల్గొండలో చిన్న దుకాణం ఉంది. మా అబ్బాయి ఈ ఏడాది ఇంటర్ పాసయ్యాడు, రెండేళ్లుగా బాక్సింగ్ నేర్చుకుంటున్నాడు. తోటి పిల్లల చిరిగిన గ్లౌజులు బాగుచేస్తూ వచ్చి, ఇప్పుడు వేలాడదీసి గుద్దే బ్యాగ్ మీద, కోచ్ పట్టుకునే ప్యాడ్ల మీద సాధన చేసే గ్లౌజులను ఎవరి కొలతకు వారికి చేతితో కుట్టి అమ్ముతానని, డిగ్రీలో చేరనని అంటున్నాడు. అప్పు చేసి మిషన్ కొనమంటున్నాడు. తోలు పని నాతోనే ఆగిపోవాలని వాడిని చదివించాను. ఏం చేయమంటారు?

సమాధానం: మిషన్ ఇప్పుడే కొనకండి. డిగ్రీలో చేరకుండా ఉండనివ్వకండి. కానీ గ్లౌజులు కుట్టడం మాత్రం మాన్పించకండి, ఎందుకంటే మీ అబ్బాయి పట్టుకున్న విషయంలో పస ఉంది.

బజారులో దొరికే గ్లౌజుల మీద 10, 12, 16 ఔన్సులని రాసి ఉంటుంది. అది ఒక్కో గ్లౌజు బరువే తప్ప చేతి కొలత కాదు. 12 ఔన్సులంటే దాదాపు 340 గ్రాములు. ఆ బరువు గ్లౌజులో పెద్ద చేయి ఉన్న యువకుడికి వేళ్లు ఇరుకుగా ముడుచుకుంటే, పదిహేనేళ్ల అమ్మాయికి అదే గ్లౌజులో చేయి అటూ ఇటూ ఆడుతుంది. లోపల చేయి ఆడితే పిడికిలి పూర్తిగా బిగుసుకోదు, మణికట్టు వంగుతుంది, దెబ్బ చూపుడు, మధ్య వేళ్ల కణుపుల మీద పడవలసింది చిటికెన వేలి వైపు జారుతుంది. ఆ వేలి వెనకనున్న అరచేతి ఎముక విరగడాన్ని వైద్యులు బాక్సర్ ఫ్రాక్చర్ అనే పిలుస్తారు. నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ 2022లో ఇస్తాంబుల్‌లో 52 కిలోల విభాగంలోనూ, 2023లో ఢిల్లీలో 50 కిలోల విభాగంలోనూ ప్రపంచ విజేతగా నిలిచారు. ఆమెను చూసి సాధనకు వచ్చే సన్నని చేతుల అమ్మాయిలకు కొలత తీసి కుట్టిన గ్లౌజు విలాసం కాదు. ఆ కొలత కూడా గ్లౌజు లోపల వేసుకునే గుడ్డ పట్టీని చేతికి చుట్టిన తరువాతనే తీయాలి. మీ వాడు పట్టీ లేని చేతిని కాగితం మీద పెట్టి గీస్తున్నాడేమో ఒకసారి చూడండి, కొత్తవారు సాధారణంగా చేసే పొరపాటు అదే.

అయితే గ్లౌజు మంచి చెడులు తోలులో కంటే దాని లోపలి మెత్తలోనే ఎక్కువగా ఉంటాయి. బరువైన బ్యాగ్‌ను ఒక్క పూటలో వందల సార్లు కొడతారు, కాబట్టి ఆ గ్లౌజులో మెత్త దట్టంగా ఉండాలి. మెత్తని నురుగు మాత్రమే నింపితే కొద్ది నెలల్లో కణుపుల దగ్గర అణగిపోయి, చేయి నేరుగా బ్యాగ్‌కు తగిలినట్టు నొప్పి పుడుతుంది. కోచ్ పట్టుకునే ప్యాడ్ల మీద సాధన వేరు. అక్కడ వేగం, గురి ముఖ్యం, దెబ్బ ఎక్కడ తగిలిందో పిడికిలికి తెలియాలి, పక్క నుంచి విసిరే దెబ్బ, అంటే హుక్ కొట్టేటప్పుడు మణికట్టు తిరగాలి, అందువల్ల మెత్త కొంత పలుచగా, గ్లౌజు మణికట్టు పట్టీ కొంత పొట్టిగా ఉన్నా సరిపోతుంది. రెండింటికీ ఒకే జత కావాలని అడిగేవారే ఎక్కువ కాబట్టి, దెబ్బ తగిలే వైపు గట్టి పొర, చేతికి ఆనే వైపు మెత్తని పొర వేసి కుదర్చవలసి ఉంటుంది. గుర్రపు వెంట్రుకలు నింపిన పాతకాలపు గ్లౌజుల గురించి మీ వాడు ఎక్కడైనా చదివి ముచ్చటపడవచ్చు. వాటిలో దెబ్బ పదునుగా తెలుస్తుంది గానీ కణుపుల దగ్గర వెంట్రుకలు పక్కకు జరిగిపోతాయి, రోజువారీ బ్యాగ్ సాధనకు అవి తగవు.

ఇక కుట్టు సంగతి. ఇందులో మీరు ఆ అబ్బాయికి తండ్రి మాత్రమే కాదు, గురువు కూడా. మిషన్ కుట్టులో పైదారం, కిందిదారం ఒకదానికొకటి చిక్కి నిలుస్తాయి. ఒకచోట తెగితే వరుసగా ఊడటం మొదలవుతుంది. తోలుకు రంధ్రం చేసే ఆరెతో పొడిచి, మైనం పట్టించిన దారాన్ని రెండు వైపుల నుంచి దూర్చి మీరు వేసే కుట్టులో ఒక పోగు తెగినా రెండోది పట్టి ఉంచుతుంది. బొటనవేలు అరచేతితో కలిసే చోటా, మణికట్టు అంచులోనూ ఆ కుట్టు పడిన గ్లౌజుకు నిజంగా విలువ పెరుగుతుంది. అంచులను రంపెతో పలుచగా చెక్కడం కూడా మీకు వెన్నతో పెట్టిన విద్య. మీకు కొత్తగా ఉండేది తోలు. చెప్పు అడుగుకు వాడే, చెట్ల బెరడు రసంతో పదును చేసిన బిరుసు తోలు ఇక్కడ పనికిరాదు. క్రోమ్ పద్ధతిలో పదును చేసిన మెత్తని ఆవు లేదా మేక తోలు కావాలి. గ్లౌజును లోపలి వైపు బయటికి పెట్టి కుట్టి, తరువాత తిరగేస్తారు కాబట్టి తోలు బిరుసుగా ఉంటే తిరగబడదు, బలవంతం చేస్తే కుట్టు దగ్గర చీలుతుంది. మణికట్టు పట్టీ మీద పోచంపల్లి ఇక్కత్ గుడ్డ వేస్తానంటే వేయనివ్వండి, చూడ్డానికి బాగుంటుంది. లోపలి అస్తరుగా మాత్రం నూలు గుడ్డ వద్దు, చెమట పీల్చుకుని త్వరగా ఆరదు.

పోటీలలో వాడే గ్లౌజుల జోలికి మాత్రం వెళ్లవద్దని చెప్పండి. వాటిని క్రీడా సమాఖ్యలు ఆమోదించిన తయారీదారుల దగ్గరే కొంటారు. సాధన గ్లౌజులకు ఆ అడ్డు లేదు, అందుకే మీ వాడు ఎంచుకున్న దారి సరైనదే. కానీ చవక గ్లౌజులలో మీరట్, జలంధర్ కార్ఖానాలతో ధరలో పోటీ పడలేరు. దేశ విభజన తరువాత సియాల్‌కోట్ నుంచి వచ్చిన పనివారి నైపుణ్యంతో ఆ రెండు ఊళ్లు క్రీడా సామగ్రికి కేంద్రాలయ్యాయి, వారు టోకున కొనే ధరకు మీకు తోలు దొరకదు. మీరు అమ్మేది కొలత, మరమ్మతు.

ఆ మరమ్మతుతోనే ఏడాదిపాటు పని నడిపించమని నా సలహా. ఊడిన వెల్క్రో, చిరిగిన అస్తరు, అణగిన మెత్త, తెగిన బొటనవేలి కుట్టు అనేవి నల్గొండలోనూ, మహబూబ్‌నగర్‌లోనూ గ్లౌజులున్న ప్రతి చోటా ఉండే పనులే. విప్పిన ప్రతి గ్లౌజూ ఏ కంపెనీ ఎక్కడ పొదుపు చేసిందో చూపిస్తుంది, ఆ చదువు ఏ కోర్సులోనూ దొరకదు. దానితోపాటు ఐదు జతలు మాత్రం కొత్తగా కుట్టించి, రోజూ సాధన చేసే ఐదుగురికి ఇచ్చి, ఆరు నెలల తరువాత వెనక్కి తీసుకుని కోసి చూడమనండి. ప్రతి జతకూ పట్టిన తోలు ఎన్ని చదరపు అడుగులో, వృథా ఎంతో, ఎన్ని గంటలు పట్టిందో పుస్తకంలో రాయాలి. తన గంటలకు కూలి వేసుకోకుండా లాభం లెక్కగట్టే కుర్రవాళ్లను నేను చాలామందిని చూశాను. ఇంకొక మాట, అతుకులకు వాడే జిగురు ఆవిరి ఆరోగ్యానికి మంచిది కాదు, తలుపులు మూసిన గదిలో ఆ పని చేయనివ్వకండి.

చదువు విషయానికొస్తే, ఈ వృత్తికి దగ్గరి చదువు హైదరాబాద్‌లోనే ఉంది. కేంద్ర వాణిజ్య శాఖ కింద నడిచే ఫుట్‌వేర్ డిజైన్ అండ్ డెవలప్‌మెంట్ ఇన్‌స్టిట్యూట్ ప్రాంగణంలో పాదరక్షలు, తోలు వస్తువుల డిజైన్‌లో నాలుగేళ్ల డిగ్రీ ఉంది, దానికి ప్రవేశ పరీక్ష రాయాలి. ఖర్చు తూగుతుందనుకుంటే అదే నా మొదటి ఎంపిక. తూగకపోతే తెలంగాణ డిగ్రీ ప్రవేశాల ఆన్‌లైన్ వ్యవస్థ అయిన దోస్త్ ద్వారా నల్గొండలోనే బీకాంలో చేర్పించండి. ఖాతాలు, పన్నులు తెలియడం తోలు తెలియడం కంటే తక్కువేమీ కాదు, పైగా ఇతర రాష్ట్రాలకు సరుకు పంపడం మొదలుపెడితే జీఎస్టీ నమోదు అవసరపడవచ్చు. సెలవుల్లో చెన్నైలోని సెంట్రల్ ఫుట్‌వేర్ ట్రైనింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో తోలు కోత, కుట్టుకు సంబంధించిన స్వల్పకాలిక శిక్షణ ఉందేమో కనుక్కోండి.

డబ్బు సంగతి చివర చెబుతున్నాను, ఎందుకంటే దాని అవసరం కూడా చివరే వస్తుంది. 2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తులలో చెప్పులు కుట్టే వృత్తి ఒకటి. శిక్షణ కాలంలో రోజుకు 500 రూపాయల భత్యం, పనిముట్లకు 15,000 రూపాయలు, ఆ పైన 5 శాతం వడ్డీకి తొలి విడత లక్ష రూపాయల వరకు రుణం ఇస్తారు. కుటుంబంలో ఒక్కరికే అవకాశం ఉంది కాబట్టి, వృత్తి చేస్తున్న మీ పేరుతోనే నమోదు చేసుకోవడం సమంజసం.

మీ మనసులోని అసలు బాధ వేరే ఉందని, తోలు పని మీతోనే ఆగిపోవాలన్న మీ మాట చదివాక అర్థమైంది. తోలు ముట్టుకున్నందుకు మీరు పడిన మాటలు కొడుకు పడకూడదనుకోవడంలో తప్పేమీ లేదు, ఆ కోరికను తేలిగ్గా తీసుకోమని నేను చెప్పలేను. మీరు వేరే దారి లేక ఈ పనిలోకి వచ్చి ఉండవచ్చు. అతను రెండేళ్లు బాక్సింగ్ చేసి, చేతులు నొప్పిపెట్టి, లోపం ఎక్కడుందో కనిపెట్టి వస్తున్నాడు. కాకపోతే ఆరె పట్టడం ఇంకా సరిగా రాదని మీకూ తెలిసే ఉంటుంది. ఈ వేసవిలో రోజూ సాయంత్రం ఒక గంట దుకాణంలో పక్కన కూర్చోబెట్టుకుని, బొటనవేలి కుట్టు ఒక్కటి నేర్పండి. అది మీకు నచ్చేలా వేసిన రోజున ఆ ఐదు జతలకు తోలు కొనివ్వండి.