80 పాయింట్లున్నా ఆస్ట్రేలియా 189 వీసా ఎందుకు రాదు?

అడిగింది హైదరాబాద్‌లో డేటాబేస్ అడ్మినిస్ట్రేటర్ కాబట్టి సూటిగా చెప్తా: ఆస్ట్రేలియాలో పాయింట్ల కంటే ముందు చూసేది మీ వృత్తి ఏ జాబితాలో ఉందనే. 189 వీసాకి (రాష్ట్రం, కంపెనీ స్పాన్సర్ అక్కర్లేని శాశ్వత నివాస వీసా) దీర్ఘకాలిక జాబితాలో ఉన్న వృత్తులే పనికొస్తాయి, సాఫ్ట్‌వేర్ ఇంజినీర్ (వృత్తి కోడ్ 261313) అందులో ఉంది, మీ డేటాబేస్ అడ్మినిస్ట్రేటర్ కోడ్ 262111 మాత్రం స్వల్పకాలిక జాబితాలో ఉంది. అందుకే మీకు మిగిలేది రాష్ట్రం నామినేట్ చేసే 190 (5 పాయింట్లు అదనం), లేదా ప్రాంతీయ 491 (15 పాయింట్లు). పైగా ఏ వృత్తుల్ని పిలవాలో ప్రతి రాష్ట్రం విడిగా తేల్చుకుంటుంది, అదో టెన్షన్. అమీర్‌పేటలో ఎవరైనా 'కోడ్ మార్చేద్దాం' అంటే నమ్మకండి. ఐటీ వృత్తుల అర్హతను పరిశీలించే ఏసీఎస్ (ఆస్ట్రేలియన్ కంప్యూటర్ సొసైటీ) వాళ్లు చూసేది మీ హోదా పేరు కాదు, కంపెనీ లెటర్‌లో రాసిన అసలు పని.