స్కోరు 1 వచ్చిన ఆర్‌ఎఫ్‌ఐడీ కంపెనీలో డబ్బు పెట్టొచ్చా?

ప్రశ్న: ఆర్‌ఎఫ్‌ఐడీ (వస్తువులకు అతికించి, రేడియో తరంగాలతో గుర్తుపట్టే ట్యాగులు) కంపెనీల పనితీరును పోల్చిన ఒక నివేదిక చదివాను. ఒక కంపెనీకి సామర్థ్య స్కోరు 1, మరో దానికి 0.72 ఇచ్చారు. మొదటి కంపెనీ షేర్లలో నా పొదుపులో సగం పెట్టాలనుకుంటున్నాను. మూడేళ్లలో ఆ డబ్బు పిల్లల చదువుకు కావాలి. పెట్టొచ్చా?

జవాబు: వద్దండీ. మూడేళ్లలో ఫీజు కట్టాల్సిన డబ్బును ఒకే కంపెనీ షేర్లలో పెట్టకూడదు, స్కోరు ఎంతున్నా సరే. ఆ మొత్తం డిపాజిట్ల లాంటి భద్రమైన చోటే ఉండాలి. పోయినా టెన్షన్ పడనంత సొమ్ము విడిగా ఉంటేనే ఈ షేరు గురించి ఆలోచించండి.

ఇక స్కోరు సంగతి. ఇలాంటి స్కోర్లు ఎక్కువగా డేటా ఎన్వలప్‌మెంట్ అనాలిసిస్ పద్ధతిలో వేస్తారు. 1978లో చార్న్స్, కూపర్, రోడ్స్ ప్రతిపాదించిన లెక్క ఇది. ఉద్యోగులు, ఆస్తులు, పరిశోధన ఖర్చు ఒకవైపు, అమ్మకాలు, లాభం మరోవైపు పెట్టి, తక్కువతో ఎక్కువ రాబట్టిన కంపెనీలతో మిగతావాటిని పోలుస్తారు. వనరుల వైపు నుంచి లెక్కిస్తే, 0.72 వచ్చిన కంపెనీ 28 శాతం తక్కువ వనరులతోనే అదే ఫలితం సాధించి ఉండొచ్చని అర్థం. 1 వచ్చిందంటే ఆ గుంపులో దాన్ని మించినది లేదని, అంతే. గుంపంతా నీరసంగా ఉన్నా ఎవరో ఒకరికి 1 వస్తుంది. కంపెనీలు తక్కువై కొలమానాలు ఎక్కువైతే చాలామందికి వచ్చేస్తుంది. ఐదు కొలమానాలుంటే కనీసం 15 కంపెనీలైనా ఉండాలన్నది వాడుకలో ఉన్న లెక్క.

ఎవరిని ఎవరితో పోల్చారో కూడా చూడండి. ఇంపింజ్ లాంటి చిప్ కంపెనీ డిజైన్ చేసి, తయారీ బయటి ఫ్యాక్టరీలకు ఇస్తుంది. కాబట్టి యంత్రాల ఆస్తి తక్కువ. చిప్‌కు యాంటెన్నా అతికించి ట్యాగు చేసే కంపెనీకి యంత్రాలు తప్పవు. రెండిటినీ ఒకే లెక్కలో వేస్తే మొదటిదే మెరుగ్గా కనిపిస్తుంది. ఇంకో చిక్కు, పరిశోధన ఖర్చు కోసేసిన కంపెనీకి ఆ ఏడాది స్కోరు పెరుగుతుంది! దెబ్బ తర్వాత తెలుస్తుంది. లాభంలో ఒక్కసారి వచ్చిన సొమ్ము ఉంటే అదీ తీసేసి చూడాలి. 2024లో ఎన్‌ఎక్స్‌పీ అనే మరో చిప్ కంపెనీతో పేటెంట్ వివాదం పరిష్కారమైనప్పుడు ఇంపింజ్‌కు అలాంటి మొత్తమే వచ్చింది.

నేనైతే ముందుగా అమ్ముడుపోని సరుకు నిల్వలు చూస్తాను. ఒక కంపెనీ ఏడాదికి అమ్మిన సరుకు ఖర్చు 730, చేతిలో నిల్వ 120 అనుకుందాం. అంటే రోజుకు 2 చొప్పున 60 రోజుల సరుకు. మరుసటి ఏడాది ఖర్చు 876, నిల్వ 240 అయింది. వ్యాపారం 20 శాతం పెరిగిందని అందరూ చప్పట్లు కొడతారు, నిల్వ మాత్రం 100 రోజులకు చేరింది. సరుకు కదలట్లేదేమో, లేదా పెద్ద ఆర్డరు వస్తుందని ముందే తయారు చేసి పెట్టుకున్నారేమో. కస్టమర్ల గోదాముల్లో పేరుకున్న ట్యాగులైతే ఈ లెక్కలోకి రావు కూడా.

ఈ రంగంలో ఇది ఉత్తి భయం కాదు. 2003లో అమెరికా రిటైల్ సంస్థ వాల్‌మార్ట్ తన 100 మంది పెద్ద సరఫరాదారులను 2005 జనవరికల్లా పెట్టెలకు, ప్యాలెట్లకు (పెట్టెలు పేర్చే పలకలు) ఆర్‌ఎఫ్‌ఐడీ ట్యాగులు వేయమంది. అంచనాలు ఆకాశాన్నంటాయి, వాడకం మాత్రం నత్తనడక నడిచింది. ఆర్‌ఎఫ్‌ఐడీ ట్యాగుల కంపెనీ ఏలియన్ టెక్నాలజీ 2006లో పబ్లిక్ ఇష్యూకు సిద్ధమై, వెనక్కి తగ్గింది.

కాబట్టి ఆ కంపెనీ ఐదేళ్ల వార్షిక నివేదికలు తీయండి. నిల్వ రోజులు, కస్టమర్ల నుంచి రావాల్సిన బాకీలు, వ్యాపారం నుంచి నిజంగా వచ్చిన నగదు, అమ్మకాల్లో అతిపెద్ద కస్టమర్ వాటా ఒక కాగితం మీద పక్కపక్కన రాయండి. లాభం పెరుగుతున్నా నగదు రాకపోతే ఆ షేరు జోలికి వెళ్లకండి. అన్నీ బాగున్నా, మీ మొత్తం పెట్టుబడుల్లో ఐదు శాతం దాటనివ్వకండి.