ఆర్పీజీ (ఒక పాత్రను తయారు చేసుకుని ఆడే వీడియో గేమ్) ఆటలో పాత్రకు సొంత పోర్ట్రెయిట్ (ముఖచిత్రం) పెడితే అతికించినట్టు ఎందుకు కనిపిస్తుంది? ఏ సాఫ్ట్‌వేర్‌తో ఎడిట్ చేయాలి?

సాఫ్ట్‌వేర్ సంగతి ముందే తేల్చేస్తాను. గింప్ ఉచితం, క్రీటా ఉచితం, ఏదైనా సరిపోతుంది. వేలకు వేలు పోసి కొన్న సాఫ్ట్‌వేర్‌తో చేసిన బొమ్మలూ మీ బొమ్మలాగే అతికించినట్టు ఉండటం నేను చాలా చూశాను. లోపం వెలుతురులో ఉంటుంది. కవచం ఒక చిత్రం నుంచి తీసుకుంటారు, దాని మీద వెలుతురు ఎడమ నుంచి పడుతుంది. ముఖం ఫోనులో ఫ్లాష్ వేసి తీసినది, దాని మీద వెలుతురు ఎదురుగా పడుతుంది. రెండూ ఒక మెడ మీద కలిస్తే ఎంత నేర్పుగా అంచులు చెరిపినా కన్ను పట్టేస్తుంది.

ఈ విషయం నాకు అరటిపండు ఒలిచినట్టు చెప్పింది కూర్మన్నపాలెంలో ఉండే మా మామయ్య. ఆయన ఒక్క వీడియో గేమ్ కూడా ఆడలేదు. విశాఖ ఉక్కు కర్మాగారంలో బ్లాస్ట్ ఫర్నేస్ (ఖనిజం నుంచి ఇనుము కరిగించి తీసే పెద్ద కొలిమి) దగ్గర పనిచేసి రిటైరయ్యారు. పొట్టి మనిషి, వెడల్పు భుజాలు, గుబురు మీసం. 2021లో వచ్చిన పాత్‌ఫైండర్: రాత్ ఆఫ్ ది రైటియస్‌లో నేను డ్వార్ఫ్ (పొట్టిగా, దిట్టంగా ఉండే కల్పిత జాతి) యోధుడిని తయారు చేసుకుంటున్నప్పుడు, ఇక వేరే ముఖం వెతకడం దండగ అనిపించింది.

ఇంట్లో ఆయన ఫోటో ఉంది, కూతురి పెళ్లి ఆల్బమ్‌లోది. అది పనికిరాదు. ఏళ్ల తరబడి సెగ తిన్న ఆ ముఖాన్ని స్టూడియోవారు ముడత లేకుండా నున్నగా చేసి, నాలుగు వన్నెలు తెల్లబరిచి పెట్టారు. ఈ జబ్బు మన ఫోటో స్టూడియోలను ఎప్పుడు వదులుతుందో తెలియదు. చామనఛాయ మనిషి లోపలికి వెళ్లి, డబ్బు కట్టి, ఎవరో పరాయివాడిగా బయటికొస్తాడు. గుర్తింపు కార్డుల మీది ఫోటోలు మాత్రమే ఈ తెలుపు నుంచి తప్పించుకున్నాయి, వాటి అన్యాయం మరో రకం.

అందుకని ఒక సాయంత్రం వాళ్లింటి వరండాలో లైట్లు ఆపేసి, టేబుల్ ల్యాంపుకు మిఠాయి పెట్టె మీది నారింజరంగు కాగితం చుట్టి, ఆయన తల పక్కన ఎత్తుగా పెట్టాను. భుజాల మీద నల్ల శాలువా కప్పాను. అత్తయ్య గుమ్మంలో నిలబడి, "ఈ వయసులో ఆయనకు ఈ వేషాలెందుకు నాయనా?" అంది. మామయ్య మాత్రం ల్యాంపు వైపే చూస్తున్నారు.

"ఈ దీపం దేనికి?"

"ఫర్నేసు వెలుతురు మామయ్యా."

"ఫర్నేసు వెలుతురు నెత్తి మీద నుంచి వస్తుందిరా? కరిగిన ఇనుము నేల మీద కాలువలో పారుతుంది. మంట కింద ఉంటే వెలుతురు పైనుంచి ఎలా పడుతుంది?"

ఆయనే లేచి ల్యాంపును నేల మీద పెట్టారు. కుర్చీ కొంచెం పక్కకు తిప్పుకుని కూర్చున్నారు. నా వైపు తిరగమంటే ఒప్పుకోలేదు. "అక్కడ ఎదురుగా ఎవడూ నిలబడడు. వేడికి చెంప ఇస్తాం, కళ్లు ఇవ్వం" అన్నారు.

ఫోనులో చూస్తే గడ్డం కింద, ముక్కు కింద, మీసం అడుగున నారింజ వెలుగు. కనుబొమల నీడ నుదుటి మీదికి పాకింది. ఆ ఫోటో చూసి చెప్పండి, ఆటల కంపెనీలు గీయించే కొలిమి డ్వార్ఫుల్లో ఎంతమంది నిజంగా నిప్పు ముందు నిలబడ్డారో. నా ఉద్దేశంలో ఒక్కడూ లేడు. సుత్తి చేతిలో ఉంటుంది, ముఖం మీద మాత్రం మధ్యాహ్నపు ఎండ ఉంటుంది.

తర్వాత ఆయన లోపలికి వెళ్లి నీలం అద్దాల కళ్లజోడు తెచ్చారు, ఫర్నేసు లోపలి మంటను చూడటానికి వాడే రకం. అది బొమ్మలో ఉండి తీరాలన్నారు. కళ్ల మీద పెడితే ముఖంలో ఉన్నదంతా పోతుంది కాబట్టి నుదుటి మీదికి జరిపించాను. ఆటలో నా జట్టులోని ఆరుగురి బొమ్మలు వరసగా కనిపించినప్పుడు ఇప్పుడు నా కన్ను నేరుగా ఆ నీలం మీదికే వెళ్తుంది. చిన్న బొమ్మకు కావలసింది అదే, ఒక్క గుర్తు. జుట్టు పోగులు, గొలుసు కవచంలోని వలయాలు, నగల చెక్కుడు ఎవరికీ కనిపించవు.

ఇక కొలతలు. ఈ ఆటకు మూడు పీఎన్‌జీ ఫైళ్లు కావాలి: నిలువెత్తుది 692×1024 చుక్కలు (పిక్సెళ్లు), మధ్యస్థం 330×432, చిన్నది 185×242. చాలామంది పెద్దదాన్నే కుదించి మిగతా రెండూ చేసేస్తారు. వెడల్పుకూ ఎత్తుకూ ఉన్న నిష్పత్తి వేరు కాబట్టి ముఖం సాగుతుంది, లేదా తల తెగుతుంది. చిన్నదాన్ని విడిగా, ముఖానికి దగ్గరగా కత్తిరించాలి. కుదించాకే కొద్దిగా పదును పెట్టాలి, ముందు కాదు. 2000లో వచ్చిన బాల్డర్స్ గేట్ 2లో ఇంకా కష్టం: చిన్నది 38×60 మాత్రమే, ఫైళ్లు బీఎంపీ రకంలో ఉండాలి. ఫైలు పేరు చివర కొలతను తెలిపే అక్షరంతో కలిపి ఎనిమిది అక్షరాలు దాటకూడదు. మామయ్య పనిచేసిన ఫర్నేసు పేరు గోదావరి. ఇంగ్లీషులో ఆ పేరుకే ఎనిమిదీ అయిపోయాయి. కృష్ణ అయితే సరిగ్గా సరిపోతుందన్నాను. అది పక్క ఫర్నేసు పేరు, ఆయన ససేమిరా అన్నారు. చివరికి గోదావరిలో ఒక అచ్చు ఎగరగొట్టాను.

ఫోటోను గీసిన బొమ్మలా మార్చడానికి ఫిల్టర్లు వాడకండి. అవి కంటినీ గోడనూ ఒకే తీరున అలికేస్తాయి. చెంపలు, శాలువా, వెనకభాగం మీద పెద్ద బ్రష్‌తో వెళ్లండి, కళ్ల దగ్గర మాత్రమే చిన్న బ్రష్ తీయండి. రంగులు ఆటతో వచ్చిన పోర్ట్రెయిట్ల నుంచే తీసుకోండి. వెలుగు పడిన చెంప వెనక చీకటి, నీడలో ఉన్న చెంప వెనక కాస్త వెలుగు ఉంచండి. ఇలా చేయకపోతే 38 చుక్కల వెడల్పులో మీసం, గోడ ఒకటైపోతాయి.

ఇప్పుడు ఒక వాక్యం టైప్ చేస్తే ఏఐ బొమ్మ ఇస్తుంది కదా అని కొందరంటారు. నేను చూసినవాటిలో వెలుతురు నాలుగు దిక్కుల నుంచీ వస్తుంది, ముఖం ఏ ఊరిదో తెలియదు. విశాఖలో ఉండి ముఖాల కోసం ఇంటర్నెట్ వెతికేవారిని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఇక్కడ సూర్యుడు సముద్రంలో నుంచి లేస్తాడు. తెల్లవారగానే ఫిషింగ్ హార్బర్‌కు వెళ్తే అడ్డంగా పడే ఆ వెలుతురులో గంపలు దించే ఆడవాళ్లను చూస్తారు. ఏ ఆటలోనూ అంతటి రేంజర్ (ఆటల్లో ఆరుబయట తిరిగే యోధుల పాత్ర) దొరకదు. అడిగి, ఎందుకో చెప్పి, ఒప్పుకుంటేనే తీయండి. తీసినది వాళ్లకు చూపించండి, వద్దంటే అక్కడే చెరిపేయండి.

మీ పాత్ర ఏ జాతో, ఫోటో ఏ వేళ తీశారో ప్రశ్నలో రాయలేదు. కవచం బొమ్మలో నీడ ఎటు పడుతోందో కూడా చూసి రాస్తే, ముఖాన్ని మళ్లీ తీయాలో, ఉన్నదానితోనే సర్దుకోవచ్చో చెబుతాను.