పెల్లెట్లతో ప్రాక్టీస్ చేస్తే పాయింట్ 22 వస్తుందా?

హనుమకొండ నుంచి ఒక తండ్రి అడిగారు: "మా అమ్మాయి ఇంటర్ ఫస్టియర్. రెండేళ్లు 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ (గాలి ఒత్తిడితో చిన్న పెల్లెట్లు కాల్చేది) చేసింది. ఇప్పుడు 25 మీటర్ల పాయింట్ 22కి (నిజం తూటాలు పేల్చే పిస్టల్) మారితే స్కోరు పడిపోయింది. కోచ్ వారంలో నాలుగు రోజులు మళ్లీ ఎయిర్ పిస్టలే పట్టిస్తున్నారు. తూటాల ఖర్చు నేను పెట్టుకుంటానన్నా వద్దంటున్నారు. కోచ్‌ని మార్చాలా? దీన్ని నమ్ముకుని ఎంసెట్ వదిలేయొచ్చా?"

కోచ్‌ని మార్చకండి. ఎంసెట్ అసలే వదలొద్దు.

మీ ఉత్తరం పెద్దది, ఇక్కడ కుదించాను. అందులో స్కోర్లన్నీ తేదీలతో సహా రాశారు. అమ్మాయి ఏమంటోందో మాత్రం ఒక్క ముక్క లేదు. ఆవిణ్ని అడిగారా?

ఎయిర్ పిస్టల్ టార్గెట్‌లో పది పాయింట్ల వలయం 11.5 మిల్లీమీటర్లు. 25 మీటర్లలో నిదానంగా గురిచూసి కాల్చే ప్రిసిషన్ దశ టార్గెట్‌లో 50. దూరం లెక్కలోకి తీసుకున్నా రెండోదే పెద్దది. అయినా స్కోరు పడుతోందంటే గురిని అనుమానించక్కర్లేదు. పెల్లెట్ బరువు అర గ్రాము, పాయింట్ 22 బుల్లెట్ దాదాపు రెండున్నర గ్రాములు. చప్పుడు, కుదుపు రెండూ పెరిగాయి. పేలకముందే చెయ్యి బిగుసుకుంటుంది. కొత్తగా మారిన పిల్లల్లో చాలామందికి వచ్చే జబ్బే ఇది.

కోచ్‌ని అడిగి, ఆయన దగ్గరుండగా, అమ్మాయికి తెలియకుండా తూటాల మధ్య ఒక డమ్మీ (పేలని ఉత్తుత్తి తూటా) పెట్టించండి. 'టిక్' మంటుంది, పేలదు. ఆ క్షణంలో పిస్టల్ ముక్కు కిందికి వంగితే సంగతి మీకే కనిపిస్తుంది. నిజం తూటా అయితే ఆ వంపు కుదుపులో కలిసిపోతుంది. మీరు డబ్బా మీద డబ్బా కొనిస్తే ఆ ఉలికిపాటే చేతికి అలవాటవుతుంది. పెల్లెట్లతో, ఖాళీ పిస్టల్‌తో ట్రిగ్గర్ నొక్కడమే దానికి మందు.

ఈ మందుకూ హద్దుంది. ఎయిర్ పిస్టల్ ట్రిగ్గర్ కదలడానికి పడాల్సిన కనీస బరువు 500 గ్రాములు, 25 మీటర్ల పిస్టల్‌కి 1000. తేలిక ట్రిగ్గర్‌కే అలవాటుపడిన వేలు ఇక్కడ తడబడుతుంది. పైగా వేగంగా కాల్చే ర్యాపిడ్ దశలో చెయ్యి కిందికి దించి ఉంచి, మూడు సెకన్లలో ఎత్తి కాల్చాలి. అందుకని వారంలో రెండు రోజులైనా పాయింట్ 22 ఉండాలి, పోటీ దగ్గరపడేకొద్దీ ఆ రోజులు పెరగాలి. కోచ్‌ని అడగాల్సింది ఇదొక్కటే.

ఇక కెరీర్ మాట. పారిస్ ఒలింపిక్స్ తర్వాత ఇలాంటి ఉత్తరాలు నాకు ఎక్కువయ్యాయి. మను భాకర్ అక్కడ తెచ్చిన రెండు కాంస్యాలూ ఎయిర్ పిస్టల్‌వే. 25 మీటర్లలో నాలుగో స్థానం. మీరు చిన్నచూపు చూస్తున్నది ఆ ఎయిర్ పిస్టల్‌నేనండీ! మన హైదరాబాద్ ఈషా సింగ్ హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో నాలుగు పతకాలు తెచ్చింది. ఫొటోల్లో కనిపించేది వీళ్లే. స్పోర్ట్స్ కోటా మీద ఆశతో చదువు పక్కన పెట్టి, రాష్ట్ర స్థాయి దాటక, తర్వాత డిగ్రీ సీటు కోసం నా దగ్గరికి వచ్చిన పిల్లలు ఫొటోల్లో ఉండరు. కోటాలో ఉద్యోగానికి సర్టిఫికెట్ స్థాయి చూస్తారు, ఎన్నేళ్లు ఆడారన్నది కాదు. ఈ దారి మీద ఉన్న మోజు చూస్తే నాకు భయమే.

అమ్మాయి గురించి మాత్రం భయం లేదు. పిస్టల్ మారితే స్కోరు పడటం మామూలే, కొన్ని నెలలు ఆగండి. ఈ ఆదివారం రేంజ్‌కి వెళ్తే వెనక నిలబడి స్కోర్లు ఫోన్‌లో ఎక్కించుకోకుండా, బయట టీ తాగుతూ కూర్చోండి.