మేనిఫోల్డ్ బోల్టు తెగితే హెడ్ దింపాల్సిందేనా?

డీజిల్ బండికి చివరి సిలిండరు దగ్గర ఎగ్జాస్ట్ మేనిఫోల్డ్ (సిలిండర్ల పొగని పోగుచేసి సైలెన్సరు పైపులోకి పంపే భాగం) బోల్టు తెగి ముక్క హెడ్‌లోనే (సిలిండర్ల మీద బిగించే మూతలోనే) ఉండిపోయింది, మెకానిక్ హెడ్ దింపాలంటున్నాడు, తప్పదా అని కదా మీరు అడిగింది. చాలావరకూ తప్పుతుందండి. నాకు తప్పింది.

మాది కోనసీమలో రాజోలు వైపు. అంబాజీపేటకి కొబ్బరికాయలు తోలే బండి. పొద్దున్నే స్టార్ట్ చేస్తే టక్‌టక్‌మనేది, వేడెక్కాక తగ్గేది. ట్యాపెట్ల (వాల్వుల్ని కదిపే భాగాల) చప్పుడే అనుకుని నెల గడిపేశాను. మనకి ఎత్తంటే వంతెనే కదా, లోడుతో చించినాడ వంతెన ఎక్కుతుంటే మళ్లీ అదే చప్పుడు. బానెట్ ఎత్తి చూస్తే చివరి పోర్టు (పొగ బయటికొచ్చే బొక్క) పక్కన వేలెడు మేర మసి. బోల్టు తల లేదు.

పక్క బోల్టు మాత్రం నేనే తెంపాను. స్పానరుకి పైపు తొడిగి లాగాను. మెత్తగా తిరిగేసరికి వదులైందని సంబరపడ్డాను, తల చేతిలోకొచ్చింది. ఉప్పుగాలికి తుప్పు పట్టిన బోల్టు మీద బలం చూపించకూడదు. ముందురోజు రాత్రే తుప్పు వదిలించే స్ప్రే కొట్టి ఉంచి, పొద్దున ఇంకోసారి కొట్టి, కొంచెం బిగించి కొంచెం వదులుతూ తీయాలి.

తాటిపాకలో వెల్డింగ్ చేసే ఆయన హెడ్ జోలికే పోలేదు. బ్యాటరీ వైర్లు విప్పించి, డీజిల్ పైపుల మీద తడిపిన గోనెసంచి కప్పాడు. ముక్క మీద వాషరు, దాని మీద నట్టు పెట్టి, నట్టు బొక్కలోంచి వెల్డింగ్ నింపాడు. నట్టు పట్టుకోవడమే కాదు, ఆ వేడికి మరలో పట్టిన తుప్పు కూడా వదులుతుంది. ఎరుపు తగ్గేదాకా ఆగి స్పానరు వేశాడు. మొదటి రెండు నట్లూ ఊడొచ్చాయి. మూడోదానికి ముక్క కీచుమని కదిలింది.

ముక్క మరీ లోపలికి తెగిపోతే డ్రిల్లే గతి. సరిగ్గా నడిమధ్యన పంచ్‌తో (మొనదేలిన ఉలితో) గుంట కొట్టించండి, అక్కడ జరిగితే మర పోయినట్టే. ఎడమవైపు తిరిగే బిట్టు దొరికితే కొన్నిసార్లు ముక్క దానంతటదే బయటికొస్తుంది. పూర్తిగా తొలిచేయాల్సొస్తే 8 ఎం.ఎం. మామూలు మరకి 6.8 బిట్టు, తర్వాత ట్యాపు (కొత్తగా మర కోసే పనిముట్టు). లోతు దాటితే బిట్టు నీళ్ల జాకెట్‌లోకి (ఇంజనుని చల్లబరిచే నీళ్లు తిరిగే ఖాళీలోకి) పోతుంది, బిట్టుకి టేపు చుట్టి గుర్తు పెట్టించండి. ఈజీ అవుట్ (ముక్కలో చిన్న బొక్క వేసి, దాన్లో దింపి వెనక్కి తిప్పే పనిముట్టు) మాత్రం నాకు పడదు. గట్టిగా పట్టేసిన బోల్టులో అది విరిగిందంటే, దాన్ని మామూలు బిట్టు తొలవలేదు. అప్పుడు నిజంగానే హెడ్ దింపాలి.

ఎక్కువగా చివరి బోల్టులే ఎందుకు తెగుతాయంటే, మేనిఫోల్డ్ వేడికి సాగి, చల్లారి ముడుచుకుంటుంటే ఆ లాగుడంతా రెండు కొసల మీదే పడుతుంది. అందుకని కొత్త బోల్టు వేసేముందు మేనిఫోల్డ్ ముఖం మీద స్టీలు స్కేలు నిలబెట్టి చూడండి. కింద వెలుతురు కనిపిస్తే వంగినట్టే, లేత్‌లో ఫేసింగ్ చేయించాలి, అంటే ముఖం చదును చేయించాలి. నాది అలాగే వంగింది. కొత్త గ్యాస్కెట్ వేసి, బోల్టు మరలకి రాగి గ్రీజు పూసి, మధ్యనుంచి కొసలకి బిగించారు. రెండు రోజులు తిరిగాక, ఇంజను చల్లగా ఉన్నప్పుడు ఇంకోసారి చూస్తే చివరిది పావు చుట్టు పట్టింది.