కోనసీమ తోటల్లో ఆడటానికి ఏ పెయింట్‌బాల్ మార్కర్ నమ్మకంగా పనిచేస్తుంది?

సఖినేటిపల్లి దగ్గర సరుగుడు తోటలో స్నేహితులతో పెయింట్‌బాల్ ఆడటానికి సొంత మార్కర్ (రంగు బంతులు కాల్చే గన్) కొనాలనుకుంటున్నానని, ఎలక్ట్రానిక్‌ది తీసుకోవాలా మామూలుది తీసుకోవాలా, ఆట మధ్యలో మొరాయించనిది ఏదని అడిగారు. మాది రాజోలు వైపేనండి. కొబ్బరి తోటల్లో, సముద్రం పక్క సరుగుళ్లలో ఆడుతూనే ఉన్నాం కాబట్టి సూటిగా చెబుతున్నాను: మామూలుదే, అంటే బ్యాటరీ లేని మెకానికల్‌దే తీసుకోండి.

ఎలక్ట్రానిక్ మార్కర్లు చెడ్డవని కాదు. వేగంగా కాలుస్తాయి, ట్రిగ్గర్ మెత్తగా ఉంటుంది. అయితే వాటికి బ్యాటరీ, సర్క్యూట్ బోర్డు, సోలెనాయిడ్ (కరెంటుతో పనిచేసే వాల్వ్) ఉంటాయి. మన దగ్గర గాలిలోనే నీళ్లుంటాయి, బోదెలో కాలు జారితే మనిషితో పాటు మార్కరూ బురదలోకే. మా జట్టులో ఒకతని ఎలక్ట్రానిక్ మార్కర్ చిన్న జల్లుకే ఆగిపోయి, ఆ పూటంతా అతను గట్టు మీదే కూర్చున్నాడు. పైగా చెట్ల మధ్య సెకనుకు పది బంతులు కాల్చాల్సిన పనేముంటుంది? చెట్టు చాటు నుంచి చూసి, ఒకటో రెండో కాల్చి, చోటు మారడమే ఇక్కడి ఆట. గుండ్రటి బంతి, బరువు మూడు గ్రాములు. మధ్యలో ఒక కమ్మ తగిలినా అక్కడే పగులుతుంది.

అసలు మార్కర్ కంటే ముందు బంతుల సంగతి చూడాలి. "గన్ పాడైంది" అని నా దగ్గరకు తెచ్చినవాటిలో ఎక్కువ భాగం బాగానే ఉన్నాయి, బంతులే ఉబ్బి ఉన్నాయి. బంతి పైపొర జెలటిన్. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. బంతి సైజు .68 క్యాలిబర్, అంటే దాదాపు 17.3 మిల్లీమీటర్లు. అంతకంటే కొద్దిగా ఉబ్బినా బ్యారెల్‌లో బిగుసుకుని లోపలే పగిలిపోతుంది. ఒకటి పగిలాక ఆ రంగు తుడిచేదాకా తర్వాతివేవీ తిన్నగా పోవు. అందుకే బంతులు గాలి చొరబడని డబ్బాలో, సిలికా జెల్ పొట్లాలు వేసి, ఇంట్లో చల్లటి గదిలో పెట్టుకోండి. ఫ్రిజ్‌లో వద్దు, చలికి పెళుసెక్కుతాయి. హాపర్‌లో (మార్కర్ మీద బంతులు పోసే డబ్బా) మిగిలినవి మర్నాటికి దాచకండి. ఆడేటప్పుడు బ్యారెల్ తుడిచే స్వాబ్ నడుముకే ఉండాలి.

తర్వాతది బంతిని తోసే గ్యాస్. సీఓటూ (కార్బన్ డయాక్సైడ్) సిలిండర్ చవక, దొరకడం తేలిక. కానీ దాని ప్రెషర్ ఎండను బట్టి మారుతుంది: 21 డిగ్రీల దగ్గర సుమారు 850 పీఎస్ఐ (ప్రెషర్ కొలత), మన మే నెల మధ్యాహ్నం వెయ్యి దాటుతుంది. పొద్దున్న సరిచేసిన బంతి స్పీడు మధ్యాహ్నానికి పెరిగిపోతుంది. మైదానాల్లో సాధారణంగా సెకనుకు 280 నుంచి 300 అడుగుల లోపే ఉంచుతారు. సీఓటూ వాడితే పొద్దున్న ఒకసారి, ఎండెక్కాక మరోసారి క్రోనోగ్రాఫ్‌తో (బంతి స్పీడు చూపే పరికరం) కొలవాల్సిందే. వీలైతే 3000 పీఎస్ఐ గాలి సిలిండర్‌కు వెళ్లండి, దాని రెగ్యులేటర్ బయటికిచ్చే ప్రెషర్ నిలకడగా ఉంటుంది.

ఇక్కడొకటి గట్టిగా చెప్పాలి. మార్కర్‌లో కొబ్బరినూనె వేయకండి. మనకు కుట్టుమిషన్ దగ్గర్నుంచి తలుపు బందు దాకా అన్నిటికీ అదే అలవాటు. అది దాదాపు 24 డిగ్రీలకే గడ్డకడుతుంది, సీఓటూ వ్యాకోచించేటప్పుడు మార్కర్ లోపల అంతకంటే బాగా చల్లబడుతుంది. గడ్డకట్టిన నూనెలో ఇసుక అంటుకుంటే ఓ-రింగులు (గ్యాస్ కారకుండా ఆపే రబ్బరు రింగులు) అరిగిపోతాయి. మార్కర్‌తో వచ్చిన పుస్తకంలో చెప్పిన నూనో గ్రీజో మాత్రమే వాడండి.

ఇక మోడళ్లు. టిప్‌మన్ 98 కస్టమ్ బండ మార్కర్. కాల్చినప్పుడు వచ్చే గ్యాస్‌లో కొంత వెనక్కి తన్ని తనంతట తానే మళ్లీ సిద్ధమవుతుంది. సీఓటూతోనూ గాలితోనూ నడుస్తుంది. పది చేతులు మారే జట్టుకు నేను ఇదే చెబుతాను. లోపం ఏంటంటే బంతిని మోటుగా తోస్తుంది, పెళుసు బంతులు పగలగొడుతుంది. విప్పాలంటే అలెన్ కీలతో బోలెడు స్క్రూలు తీయాలి. ప్లానెట్ ఎక్లిప్స్ వాళ్ల ఎమెక్ కూడా మెకానికలే, కానీ బంతి మీద చాలా మెత్తగా పనిచేస్తుంది, చప్పుడు తక్కువ, శుభ్రం చేయడానికి బోల్ట్‌ను (బంతిని ముందుకు తోసే భాగం) వెనక నుంచి లాగేయవచ్చు. అయితే దానికి గాలే వాడాలి, సీఓటూ పనికిరాదు. సొంతానికి ఒక్కటే కొంటుంటే, గాలి నింపించుకునే దారి ఉంటే, నా ఓటు ఎమెక్‌కే. పొడుగు బ్యారెల్‌కు డబ్బు పెట్టకండి. సరుగుళ్లు దగ్గర దగ్గరగా ఉంటాయి, తిప్పేటప్పుడు కొట్టుకుంటుంది. 12 అంగుళాలు చాలు.

బడ్జెట్‌లో మొదటి భాగం మాత్రం మాస్క్‌కు తీయండి. రెండు పొరల థర్మల్ లెన్స్ ఉన్నదే కొనండి. ఒక పొర లెన్స్ మన ఉక్కపోతకు నిమిషాల్లో ఆవిరి పట్టేస్తుంది, కళ్లు కనిపించక కుర్రాళ్లు మాస్క్ పైకెత్తుతారు. ఆ క్షణంలో తగిలితే చూపే పోవచ్చు. ఆట ఆగగానే అందరి బ్యారెళ్లకూ తొడుగు పడేదాకా ఎవరూ మాస్క్ తీయకూడదు. ఈ ఒక్క విషయంలో మా దగ్గర చుట్టరికం, మొహమాటం ఏవీ చెల్లవు.

తోట యజమానిని అడిగి, పోలీస్ స్టేషన్‌లో ఒక మాట చెప్పి ఆడండి. దూరం నుంచి చూసేవాళ్లకు అది నిజం తుపాకీలాగే ఉంటుంది. విదేశం నుంచి తెప్పిస్తే డబ్బు కట్టకముందే కస్టమ్స్ నిబంధనలు కనుక్కోండి. కోరింగ మడ అడవుల వైపు వెళ్లొద్దు, అది అభయారణ్యం. కొబ్బరి తోటలో ఆడితే గెలలు పండి ఉన్న చెట్ల కింద దాక్కోకండి. సెకండ్‌హ్యాండ్‌ది తీసుకుంటే సిలిండర్ మీద హైడ్రో టెస్ట్ (నీటి ఒత్తిడితో సిలిండర్ బలం చూసే పరీక్ష) తేదీ చూడండి, ఐదేళ్లు దాటితే మళ్లీ పరీక్ష చేయించాకే నింపించాలి.

మీకు దగ్గరలో గాలి నింపేవాళ్లున్నారా, సీఓటూ మాత్రమే దొరుకుతుందా? అది రాస్తే రెండింటిలో మీకు ఏది సరిపోతుందో చెబుతానండి.